హంపికి రాసిన పాసు

గుంతకల్లులో నేను పాసులు రాసే గుమాస్తాగా పనిచేశాను. రైల్వేలో పనిచేసేవాళ్లకు ఏడాదికి ఇన్ని అని ఉచిత పాసులు ఉంటాయి. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంతమంది, ఏ తేదీ లోపల అని రాసి, పైఅధికారి సంతకం చేయించి ఇవ్వడం నా పని. ఉద్యోగమంతా అదే. వేల పాసులు రాసి ఉంటాను. వాటిలో అక్షరం అక్షరం గుర్తున్నది ఒక్కటే. గుంతకల్లు నుంచి హొస్పేటకు, తిరిగి గుంతకల్లుకు, తాను, భార్య. అది నా కోసం నేనే రాసుకున్నది. దాని మీద హొస్పేట బదులు మద్రాసు అని రాసి ఉంటే నా భార్య బతికేదేమోనని ఇప్పటికీ అనుకుంటాను. బతికేదని ఏ డాక్టరూ నాతో చెప్పలేదు. బతికేది కాదని కూడా చెప్పలేదు.

డెబ్భైల చివరి మాట. ఆ ఏటి పాసుల్లో ఒకటి నా బావమరిది పెళ్లికి, ఒకటి మా నాయన కర్మలకు అయిపోయాయి. సగం ధరకో పావు ధరకో టికెట్టు ఇచ్చే కాగితాలు కూడా మిగల్లేదు. దీపావళి నాటికి చేతిలో ఒక్క పాసు ఉంది. డిసెంబరు దాటితే అది మురిగిపోతుంది. పాసు మురగబెట్టుకోవడం మా కాలనీలో అన్నం పారబోసినంత తప్పు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె వీధి కొళాయి దగ్గర బిందె పెట్టుకుని కూర్చుని ఉంది. నాలుగు రోజులకొకసారి నీళ్లు వదిలేవాళ్లు. ధార సన్నగా పడుతోంది.

"ఇంకొక పాసుండాది. యాడికి పోదాం?" అన్నాను.

ఆమె కాసేపు బిందెలోకి చూసింది. "మద్రాసు పోదామా?" అంది.

"మద్రాసులో ఏముండాది?"

"ఏం ల్యా. ఊరికే."

"ఊరికే మద్రాసు పోతారా ఎవరన్నా? నాకు ఆదివారం తప్పితే సెలవు ల్యా. హంపి అయితే పొద్దున పోయి రాత్రికొస్తాం."

"సరే," అంది.

అంతే జరిగింది. పెళ్లయి ఆరేళ్లు. పిల్లలు లేరు. ఆ ఆరేళ్లలో ఆమె ఫలానా చోటికి పోదామని అడిగింది అదొక్కసారే. ఎందుకు అని నేను రెండోసారి అడగలేదు. నాకు హంపి మీద ఎప్పటి నుంచో మనసు. గ్రంథాలయంలో ఆ రాజ్యం గురించి ఉన్న పుస్తకాలన్నీ చదివాను. గుంతకల్లు నుంచి అంత దగ్గర్లో ఉండి చూడకపోవడం నాకు సిగ్గుగా ఉండేది. నా మనసులో ఉన్నదే ఆమె మనసులోనూ ఉంటుందనుకున్నాను.

ఆఫీసులో మా హెడ్డు గుమాస్తా పాసు చూసి, "కాశీదాకా పోయే పాసును హొస్పేటకు రాసుకుంటాండావేమప్పా? ఎదురింటికి పోయేదానికి ఏనుగునెక్కినట్టుండాది," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆదివారం తెల్లవారి మీటరుగేజీ పాసింజరు ఎక్కాం. పెట్టె నిండా కూలి జనం. ఆ ఏడు విత్తనం మొలిచాక మళ్లీ వాన పడలేదు. వేరుశనగ చేలు ఊడలు దిగకముందే ఎండిపోయాయి. ఎండిన మొక్కల కట్టెను పశువులకు వేసి, ఊళ్లకు ఊళ్లు తుంగభద్ర కాలువ కింద పత్తి తీయడానికి, వరి కోయడానికి పోతున్నాయి. మా వైపు దీన్ని సుగ్గికి పోవడం అంటారు. బియ్యం మూటలు, చట్లు, కొడవళ్లు, గోనెసంచుల్లో గుడ్డలు. మా కాళ్ల దగ్గర ఒక ఆమె బుట్టలో కోడిని పెట్టుకుని కూర్చుంది.

"యాడికి పోతాండావు తల్లీ?" అని నా భార్యను అడిగింది.

"హంపికి."

"ఆడ పని దొరుకుతాదా?"

"పనికి కాదు. చూసేదానికి."

"చూసేదానికి ఏముండాది ఆడ?"

"రాళ్లంట," అంది నా భార్య, నా వైపు ఒకసారి చూసి.

"రాళ్లా? మా చేన్లో ఉండాయి గదమ్మా కావల్సినన్ని. చెప్పింటే మా ఆయన దగ్గరుండి చూపిచ్చును. రైలు కూడా ఎక్కే పన్ల్యా."

నా భార్య గట్టిగా నవ్వింది. నవ్వుతూ ఎడమ చేతిని ఒంటికి అదిమి పెట్టుకుంది. కొన్ని నెలలుగా ఆమెకు అట్లా చేయడం అలవాటైంది. నేను చూశాను. ఆ పొద్దు చలికి అనుకున్నాను. ఎండాకాలంలో ఏమనుకున్నానో గుర్తులేదు.

హొస్పేటలో దిగి బస్సులో హంపికి చేరేసరికి ఎండెక్కింది. ఆ రోజు నేను చాలా మాట్లాడాను. సామాన్యంగా మాట్లాడేవాణ్ని కాను. చదివినదంతా ఒకరికి చెప్పుకునే అవకాశం దొరికింది. ఇక్కడ ఏనుగులను కట్టేవాళ్లు, ఇది దండు నడిచిన దారి, ఇక్కడ కోట గోడ ఇంత వెడల్పు అని చెబుతూ ముందు నడిచాను. ఆమె సద్ది సంచి కుడి భుజానికి తగిలించుకుని వెనక వచ్చింది. సంచి నేను తీసుకుంటానని అనలేదు.

బజారు వీధి రాతి మంటపాల మధ్య నిలబడి, "ఈడ వజ్రాలు రాశులు పోసి అమ్మినారంట," అన్నాను.

"ఇప్పుడు దోసకాయలు అమ్ముతాండారు. రెండు కొనండి, దప్పికగా ఉండాది," అంది.

రాణుల స్నానశాలకు తీసుకుపోయాను. లోపల లోతైన తొట్టి, చుట్టూ వసారాలు. అడుగున దుమ్ము, మేక పెంటికలు. ఆమె అంచున నిలబడి తొంగి చూసింది.

"నీళ్లు ల్యాని కొట్టం చూసేదానికి ఇంత దూరం రావల్నా? మన వీధి కొళాయి కాడ నిలబడుకుంటే సాలదా?"

అప్పుడు కొంచెం కోపం వచ్చింది నాకు. ఇంత గొప్ప చోటికి తెస్తే హాస్యమాడుతోందని. ఇప్పుడు తలచుకుంటే ఆ రోజు మొత్తంలో తెలివైన మాటలన్నీ ఆమే మాట్లాడింది.

ముక్కు పోయిన విగ్రహాలు, చేతులు విరిగిన విగ్రహాలు చూస్తూ పోయాం. ఆ శిథిలాలకూ ఆమె ఒంటికీ పోలిక పెట్టే వాక్యాలు తర్వాత నాకు చాలా తోచాయి. కొన్ని రాశాను కూడా. రాసి కొట్టేశాను. అవి రాళ్లు. ఆమె మనిషి.

మధ్యాహ్నం నది దగ్గరికి వచ్చాం. బండల మధ్య నుంచి తుంగభద్ర పారుతోంది. మా వైపు ఏటిలో ఇసుకే తప్ప పారే నీళ్లు చూసి ఏళ్లయింది. ఆమె ముఖం మారింది. "స్నానం చేసి వస్తా," అని మార్పు చీర తీసుకుని ఆడవాళ్లు మునిగే రేవుకు పోయింది. నేను చింతచెట్టు నీడలో బండ మీద కూర్చుని, బజార్లో కొన్న గైడు పుస్తకం తెరిచాను.

కొంతసేపటికి ఒక ముసలామె తడి చీర పిండుకుంటూ నా ముందు వచ్చి నిలబడింది. బళ్లారి వైపు మనిషి. కన్నడం కలిసిన తెలుగు.

"ఆ నీలం చీర ఆయమ్మ మొగుడువు నువ్వేనా?"

ఔనన్నాను.

"పుస్తకం ముయ్యి నాయనా. ఒక మాట చెప్పల్ల."

మూశాను.

"ఆయమ్మకు ఎడం రొమ్ములో గడ్డుండాది. నిమ్మకాయంత. తోలు లోపలికి గుంజుకోనుండాది. నీకు తెలుసునా?"

తెలియదన్నాను.

"ఆరేండ్లు కాపురం చేస్తాండావంట. తెలీదా?"

ఆమె తిట్టడానికి వచ్చిన మనిషి కాదు. పక్కన బండ మీద చతికిలబడింది.

"మా చెల్లెలు ఇట్లనే కొంగు చాటున పెట్టుకునింది. మేము తెలుసుకునేతలికి అయిపొయ్యింది. పెద్దాసుపత్రికి తీస్కపో. నాటుమందు, పసరు అని తిప్పొద్దు. ఈ వారమే పో." లేచి నాలుగడుగులు వేసి మళ్లీ తిరిగింది. "ఆయమ్మను కోప్పడొద్దు."

నా భార్య తల తుడుచుకుంటూ వచ్చింది. నా ముఖం చూసి, "ముసలామె చెప్పిందా?" అంది.

"చెప్పింది."

"నోరాగని మనిషి," అని సద్ది విప్పింది.

జొన్నరొట్టెలు, వేరుశనగ పొడి, పెరుగు. ఇద్దరం తిన్నాం. మిగల్చకుండా తిన్నామని నాకు గుర్తు. తర్వాత, ఇంకొక గుడి మిగిలిందని, ఇంత దూరం వచ్చి చూడకుండా పోవడమెందుకని ఆమే అంది. పోయి చూశాం. ఆ గుడిలో ఏముందో, ఎంత గుర్తుచేసుకున్నా ఒక్క స్తంభం కూడా కళ్ల ముందుకు రాదు.

తిరుగు రైలు ఖాళీగా ఉంది. కూలికి పోయినవాళ్లు ఆ వైపే ఉండిపోయారు. బళ్లారి దాటింది. బయట ఎర్ర నేలలో అక్కడక్కడ ఎండుకట్టె కుప్పలు. పొద్దు వాలుతోంది.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"ఉగాది నుంచి."

"చెప్పేదానికేమి?"

"చెప్తే ఏం చేస్తారు? మన ఆసుపత్రికి తీస్కపోతారు. ఆడుండేది మొగ డాక్టరు. ఆడ పనిచేసే ఆయా మన వీధిలోనే ఉండాది."

"అయితే మద్రాసు పెద్దాసుపత్రికి చీటీ రాయిచ్చుకుంటాం. ఆడ లేడీ డాక్టర్లుండారు. జబ్బు మనుషులకు వేరే పాసిస్తారు. రెండు దినాల్లో నేనే రాస్తా."

"ఆ చీటీ ఎవరెవరు చూస్తారు?"

డాక్టరు ఇచ్చే చీటీలో జబ్బు పేరు, ఏ అవయవానికో రాసి ఉంటుంది. నాలుగు బల్లలు దాటి అది నా బల్ల మీదికి వస్తుంది.

"పోయినేడు ఆ ఫిట్టరు పెండ్లాం చీటీ గురించి మీరే ఇంటికొచ్చి చెప్పినారు," అంది. "ఎవరెవరు ఏమేమన్నారో. మనిద్దరం నవ్వినాం గదా."

నవ్వాం. ఆ ఫిట్టరు భార్యకు గర్భసంచి జబ్బు. ఆ చీటీ మీద హెడ్డు గుమాస్తా అన్న మాటను నేను అన్నం తింటూ, అతని గొంతుతో సహా, నా భార్యకు చేసి చూపించాను.

"నా చీటీ ఆ బల్లల మీద పోగూడదు. ఒట్టు పెట్టండి."

ఒట్టు పెట్టాను. అప్పుడే ఇంకొక మాట కూడా అన్నాను. "జనవరిలో కొత్త పాసులొస్తాయి. మొదటి వారమే మద్రాసు పోదాం. మామూలు పాసులో జబ్బు పేరుండదు."

ఆమె ఊపిరి వదిలింది. "రెండు నెల్లే గదా," అంది.

టికెట్టు కొనుక్కుని పోవచ్చని మా ఇద్దరికీ తోచలేదు. చదివేవాళ్లు నమ్మరని తెలుసు. డబ్బు లేక కాదు. మా నాయన పట్టాలు బాగుచేసే గ్యాంగులో పనిచేసినవాడు, ఆమె నాయన రైళ్లకు దారి మార్చే పాయింట్సుమను. ఇద్దరం రైల్వే క్వార్టర్లలో పుట్టి, పాసు మీదే పెళ్లిచూపులకు పోయి, పాసు మీదే కాపురానికి వచ్చినవాళ్లం. పాసు లేకపోతే ప్రయాణం లేదు. అది ఎవరూ చెప్పకుండానే మా ఒంట్లో ఉంది. స్టేషనుకు రెండు ఫర్లాంగుల దూరంలో ఉంటూ, ప్రతిరోజూ మద్రాసు మెయిలు కూత వింటూ, క్యాలెండరులో కాగితాలు చింపుకుంటూ రెండు నెలలు కూర్చున్నాం. ఆమె ఒకసారి, "మెయిలు ఈ పొద్దు ఆలస్యంగా వచ్చింది," అంది. ఔనన్నాను.

జనవరిలో పాసు రాసుకుని మద్రాసు పోయాం. అక్కడ లేడీ డాక్టరు ఆమెను లోపల పరీక్ష చేసి వచ్చి, నన్ను అడిగింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"దీపావళి అయినాక."

"మరి ఇన్నాళ్లు ఏం చేస్తున్నారు?"

నా భార్య నా వైపు చూసింది. సెలవు దొరకలేదని చెప్పాను. నా భార్య అది అబద్ధమని అనలేదు. డాక్టరు తల వంచుకుని కాగితం మీద రాసుకుంది. చంకలోకి కూడా పాకిందని అంది.

ఆపరేషను చేశారు. కరెంటు పెట్టారు, అంటే రేడియేషను. ఆ ఏడాదీ ఆ మరుసటి ఏడాదీ ఎన్నోసార్లు మద్రాసు పోయాం. మొదటిసారి పాసు అయిపోయాక ఏం చేయాలని ఆలోచించలేదు. కిటికీ దగ్గరికి పోయి రెండు టికెట్లు అడిగాను. లోపలి మనిషి నన్ను ఎరిగినవాడే. వింతగా చూసి ఇచ్చాడు. అంత సులభంగా ఉందది. వెనక్కి తిరిగితే నా భార్య బెంచీ మీద కూర్చుని నా చేతిలోని ఆ రెండు అట్టముక్కల వైపు చూస్తోంది. ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది. ఆమె తల తిప్పుకుంది. ఆ సంగతి మేము ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

చివరికి చీటీ కూడా రాయించక తప్పలేదు. ఒట్టు తీసేయమని ఆమెను అడిగాను. "ఇంకేముండాదిలే, పోనీండి," అంది. చీటీ నాలుగు బల్లలూ దాటింది. ఎవరూ నవ్వలేదు. హెడ్డు గుమాస్తా దాన్ని తానే పట్టుకుని పైకి పోయి సంతకం చేయించుకొచ్చి నా ముందు పెట్టాడు. రెండో వేసవిలో, క్వార్టరులోనే, ఒక మధ్యాహ్నం ఆమె పోయింది. ఆ రోజు కొళాయి వచ్చే రోజు. వీధిలోవాళ్లు మా బిందెలు ముందు పట్టించారు.

తర్వాత కూడా అదే బల్ల దగ్గర పనిచేశాను. ఎనభైల్లో ఒకనాడు కొత్తగా పెళ్లయిన ఒక ఇంజను ఫైర్‌మన్ వచ్చి పాసు అడిగాడు.

"యాడికి?"

"హొస్పేటకు సార్. హంపి చూసేదానికి. ఇద్దరం."

"మీ ఆమె యాడికి పోదామనింది?"

"ఆమెనేమి అడిగేది సార్? యాడికంటే ఆడికొస్తాది."

"పోయి అడిగి రా."

"ఇదేమి రూలు సార్?"

"రూలే," అన్నాను.

బయటికి పోతూ వసారాలో ఎవరితోనో, ఈయనకు తిక్క అని అన్నాడు. వినిపించింది. నేను అట్లా చాలామందిని పంపాను కాబట్టి ఆఫీసులో అందరికీ ఆ అభిప్రాయమే ఉండేది.

మరునాడు పొద్దున్నే వచ్చాడు. "అడిగినా సార్. హంపికేనంట."

"ఎందుకని అడిగినావా?"

"ఏదో సినిమాలో చూసిందంట సార్."

"ఇంకేమన్నా అనిందా?"

"ల్యా సార్."

పాసు పుస్తకం తెరిచి రాసిచ్చాను.