కనురెప్ప కింద ఎరుపు

వాట్‌గంజ్‌లో మా పక్కగది మామ రేవులో మూటలు మోసేవాడు. పొద్దున్నే భార్యను గుమ్మంలో వెలుతురుకు నిలబెట్టి, కింది కనురెప్ప లాగి ఎరుపు కోసం వెతికేవాడు. బీట్‌రూట్ తినిపించి మర్నాడు మళ్లీ చూసేవాడు.

ఓసారి ఆసుపత్రికి నేనూ తోడు వెళ్లాను.

"రక్తకణాలు పుట్టేది ఎముక మూలుగలో. హెచ్ఐవీ అక్కడే అడ్డుపడుతోంది," అన్నాడు డాక్టరు.

ఆ జబ్బును ఇంటికి తెచ్చింది మామే.

"నా మూలుగ తీసి దీనికెట్టీండి డాక్టర్‌బాబూ!"

అత్త నవ్వింది. "నువ్విచ్చింది సాల్లేదేటి?"

ఆ తర్వాత మామ చెయ్యి ఆమె ముఖం మీదికి వెళ్లలేదు. రోజూ ఆమెను వెలుతురులో నిలబెట్టి, తను గోడవైపు తిరిగి, "నువ్వు సూడమ్మా," అనేవాడు నాతో.

రెప్ప కింద తెల్లగా పాలిపోయి ఉండేది.

"ఎర్రగానే ఉంది మామా," అనేదాన్ని.