మావయ్యతో జపాను సినిమాకి: అబుదాబి నుంచి దుబాయ్ దాకా

ఈ ప్రయాణానికి కారణం మా వార్డులో కాలు విరిగి పడుకున్న ఒక జపాను ఇంజినీరు. నేను అబుదాబిలో నర్సుగా చేరి అప్పటికి మూడేళ్ళు. డిశ్చార్జి అయ్యే రోజున ఆయన నా చేతిలో రెండు పాసులు పెట్టాడు. వాళ్ళ కంపెనీవాళ్ళు దుబాయ్‌లో ఒక స్కూలు హాలు తీసుకుని, నెలకో శుక్రవారం తమ దేశపు సినిమా వేసుకుంటారట. కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయట. కథేమిటని అడిగాను. సముద్రం పొంగి ఊరు కొట్టుకుపోయాక, మిగిలిన పదిహేనేళ్ళ పిల్ల ఎలా పెద్దదయిందో చెప్పే కథ అన్నాడు.

డెబ్భైల చివర్లో మా కృష్ణా తీరాన్ని ఉప్పెన ముంచినప్పుడు నాకు పదహారేళ్ళు. నాన్న పోయాడు. ఎనిమిదేళ్ళ తమ్ముడు దావీదు పోయాడు. అమ్మ ఆ వారం బందరు ఆసుపత్రిలో ఉండబట్టి బతికింది. నన్ను బతికించింది అమ్మ తమ్ముడు, ప్రకాశం మావయ్య. ఆ తరవాత అమ్మ ఆయనతో మాట్లాడలేదు. "ఇద్దర్ని పట్టుకుని బయల్దేరినోడు ఒకర్నే తెచ్చాడు" అని మాత్రం వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. మావయ్య దుబాయ్ వచ్చేసి, జబల్ అలీలో ఒక లేబర్ క్యాంపు మెస్‌లో వంటవాడిగా కుదిరాడు. మా మధ్య గంటన్నర దారి. మూడేళ్ళలో ఒక్కసారీ కలవలేదు. రెండో పాసు ఆయనకే అనుకున్నాను. ఒక మాట అడగాలని ఏడేళ్ళుగా దాచుకున్నాను. సినిమా సాకుతో అడగొచ్చనిపించింది.

శుక్రవారం ఎనిమిదింటికి అబుదాబి టాక్సీ స్టాండుకి వెళ్ళాను. షేర్ టాక్సీలో మనిషికి ఇరవై ఐదు దిరమ్‌లు. దుబాయ్ దాకా వెళ్ళక దారిలోనే జబల్ అలీలో దిగినా అంతే ఇవ్వాలి. బేరమాడబోతే, డ్రైవరు, గడ్డం నెరిసిన పఠాన్, "రోడ్ ఏక్, కిరాయా ఏక్" అని నవ్వి, ఒంటరి ఆడపిల్లనని ముందు సీటిచ్చాడు. దారంతా ఇసుకే. పాకిస్తానీ మేస్త్రీలు ముగ్గురు వెనక నిద్రపోయారు. జబల్ అలీ మలుపులో దింపుతూ డ్రైవరు, "ఎవరున్నారిక్కడ?" అని హిందీలో అడిగాడు. మావయ్య అన్నాను. "మామూ? అచ్ఛా హై. ఖాలీ హాథ్ మత్ జానా" అన్నాడు, వట్టి చేతుల్తో వెళ్ళొద్దని. నా చేతులు ఖాళీగానే ఉన్నాయి.

మెస్‌లో మావయ్య నన్ను చూసి గరిటె కింద పెట్టలేదు. జుట్టు సగం తెల్లబడింది.

"వచ్చావా అమ్మాయ్. తిన్నావా?"

"లేదు మావయ్యా."

పప్పు, చారు, గోంగూర పచ్చడి పెట్టాడు. రెండొందల మందికి వండే చేత్తో పెట్టిన అన్నం నేను తింటుంటే, పక్కనే నిలబడి చూశాడు గానీ కూర్చోలేదు. అమ్మ ఎలా ఉందని అడగలేదు. సినిమా అంటే మాత్రం, "నాకు ఇంగ్లీషు రాదుగా" అన్నాడు.

"నేను చెబుతాలే."

క్యాంపు బస్సు శుక్రవారాలు పన్నెండింటికి పనివాళ్ళని బజారుకి తీసుకెళ్ళి ఆరింటికి వెనక్కి తెస్తుంది. దాన్లోనే బర్ దుబాయ్ చేరాం. అక్కడినుంచి పాయ దాటి డేరా అనే పేటకి అబ్రా అనే చిన్న పడవ, ఇరవై ఐదు ఫిల్సులు, అంటే పావు దిరమ్, ఐదు నిమిషాలు. మావయ్య నీళ్ళ వైపు చూడకుండా తన చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాడు. రేవు నుంచి హాలు పది నిమిషాల నడక.

రెండున్నరకి సినిమా మొదలైంది. వందమందికి పైగా జపానువాళ్ళు, కుటుంబాలతో. అలని చూపించలేదు. బురదలో ఒక స్కూలు సంచి చూపించారంతే. పిల్లకి తాత ఒక్కడే మిగిలాడు. ఆమె సముద్రపు నాచు ఎండబెట్టే పనిలో చేరుతుంది. స్నేహితురాళ్ళు పట్నం చదువులకి వెళ్ళిపోతారు. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా జడ కోసేసుకుంటుంది. నేను ఒక్కో మాటా మావయ్య చెవిలో తెలుగులో చెబుతున్నాను. ఆయన తలూపుతున్నాడు. చివరికి పిల్ల నాచు పందిళ్ళ మధ్య తాతని నిలదీసింది: అందరూ పోతే నన్నొక్కదాన్నే ఎందుకు లాగావు?

"తాత ఏవంటున్నాడు?" అన్నాడు మావయ్య.

"నువ్వు బతకాల్సినదానివి, నాకది ముందే తెలుసు అంటున్నాడు."

హాలంతా ముక్కులు చీదుకుంటోంది. మావయ్య లేచి, మనుషుల మోకాళ్ళు తోసుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

నేను వెళ్ళలేదు. చివరిదాకా చూశాను. ఆ పిల్ల పడవెక్కి సముద్రంలోకి వెళ్ళి, వెనక్కి తిరిగి నవ్వింది. దీపాలు వెలిగాయి.

ఆయన రేవు మెట్ల మీద కూర్చునున్నాడు. పక్కన కూర్చుని అడిగేశాను.

"నన్నే ఎందుకు తెచ్చావు మావయ్యా?"

ఆయన రెండు చేతులూ ముందుకు చాపి చూపించాడు.

"ఈ ఎడం చేతిలో నువ్వు. ఈ చేతిలో దావీదు. తాడిచెట్టు అందింది. పట్టుకోడానికి కుడిచెయ్యి కావాల్సొచ్చింది."

"అంతేనా?"

"అంతే. నేనేం ఎంచలేదమ్మా. వాడు ఎడంవైపున్నట్టయితే వాడే ఈ మాట అడిగుండేవాడు."

"ఏడేళ్ళు ఎందుకు చెప్పలేదు? అమ్మ నిన్ను అన్నన్ని మాటలంటుంటే?"

"నన్ను తిట్టుకుంటే మా అక్కకి కాస్త తేలిగ్గా ఉంటది. ఇది చెబితే ఎవర్ని తిట్టుద్ది?"

నాకు కోపం వచ్చింది. ఆయన అబద్ధమైనా చెప్పుండాల్సిందని కోపం. "ఆ తాతలాగా ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది?" అని అరిచాను. పడవవాళ్ళు తిరిగి చూశారు. మావయ్య లేచి, "బస్సుకి టైమైంది. వంటుంది" అన్నాడు. తనే పాతిక ఫిల్సులు ఇచ్చుకుని పడవెక్కాడు. నేను తరవాతి పడవలో దాటాను.

ఆ తరవాత నేను జబల్ అలీ వెళ్ళలేదు. ఆయనా రమ్మనలేదు. అమ్మకి ఈ సంగతి రాయలేదు. దేవుడు నన్ను ఏదో పని కోసం మిగిల్చాడని మా పాస్టరుగారు చెబితే నమ్మి నర్సింగ్ చదివాను. ఇప్పుడూ అదే పని చేస్తున్నాను, ఎవరో మిగిల్చారని మాత్రం అనుకోను. సినిమాలో పిల్లకి పెద్దదవడానికి ఒక జవాబు దొరికింది. నాకు దొరికింది కూడా జవాబే. దానితో పెద్దదాన్నయితే అయ్యాను, కానీ నవ్వుతూ వెనక్కి తిరిగే చోటు దాన్లో లేదు. మావయ్య నిజం చెప్పాడు. ఆయన్ని అందుకే క్షమించలేకపోతున్నాను.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. సినిమా నాలుగున్నరకి అయిపోతుంది, అబుదాబి టాక్సీలు పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు అయ్యాక గానీ నిండవు. ఆ మధ్య రెండు గంటలు ఎక్కడ గడపాలో ముందే చూసుకోండి. బజారుకి వెళ్ళండి, టీ తాగండి. ఎవరినీ ఏమీ అడిగే పని మాత్రం అప్పుడు పెట్టుకోకండి.