గొర్రెలకు కిట్టని గొడుగు

మా అక్కకు కాన్పయిందనీ, నీరసపడి చలికి వణుకుతోందనీ మాచర్ల అవతలి అడవి పల్లె నుంచి కబురు వచ్చింది. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, శ్రావణమాసం. మా అమ్మ శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు వేయించి, బాలింత తినే కాయం దంచి, మూటకట్టి నా చేతిలో పెట్టింది. "నువ్వు తడిసినా పర్లేదురా, ఇది తడవగూడదు. బూజు పడుద్ది" అంది. ఇంట్లో నా విలువెంతో అప్పుడే తెలిసింది.

పొద్దున ఆరింటికి నరసరావుపేటలో రైలెక్కాను. చంకలో కొత్త గొడుగు. ఎదురుగా కూర్చున్న రెంటచింతల పెద్దాయన దానికేసి చూసి, "ఏంది అల్లుడా, అత్తగారింటికా?" అన్నాడు.

"అక్క ఇంటికి మావా, అడవి దారిన."

"అడవికి గొడుగేందిరా" అని నవ్వి, ఒక జొన్నరొట్టె ఇచ్చాడు. నవ్వినందుకు నొచ్చుకుంటూనే రొట్టె తిన్నాను.

మాచర్లలో దిగి, స్టేషను బయట ఇడ్లీ తిని, కాలిదారి పట్టాను. శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయేవాళ్ళు తొక్కిన దారి అది. మా అక్క ఊరు దానిమీదే, వాగు అవతల. మధ్యాహ్నం ఒక మలుపులో గొర్రెల మంద ఎదురైంది. సరిగ్గా అప్పుడే వాన అందుకుంది. గొడుగు టప్పున తెరిచాను. అంత నల్లటి జంతువును ఆ గొర్రెలు ఎన్నడూ చూసినట్టు లేదు. క్షణంలో మందంతా పొదల పాలైంది.

గొంగడి కప్పుకున్న కాపరి కర్రెత్తి వచ్చాడు. "ఒరేయ్, ఎవుడివిరా నువ్వు? మూయి దాన్ని ముందు."

మూశాను, నోటితో సహా. ఇద్దరం ముళ్ళలో పడి గొర్రెల్ని వెదికాం. చొక్కా విప్పి మూటకు చుట్టి, పొట్టకు అదుముకొని పరిగెత్తాను. చొక్కా తడిసిపోతోంది, పొద్దు వాలిపోతోంది. ఆఖరి గొర్రె దొరికాక ఆయన నావైపు చూశాడు.

"ఆ మూటేంది, పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నావు?"

"కాయం మావా. మా అక్క బాలింత. చానా నీరసంగా ఉందంట."

"ముందే చెప్పి చావొచ్చుగా" అంటూ మూట లాక్కొని, చొక్కా ఊడదీసి నా మొహాన పారేసి, మూటను గొంగడి లోపలికి దోపుకున్నాడు. పైన నీళ్ళు జారిపోతున్నాయి, లోపలికి చుక్క దిగడం లేదు. మందకు కుక్కను కాపలా పెట్టి, ముందు నడిచి నన్ను వాగు దాటించాడు. అవతలి ఒడ్డున మూట చేతికిచ్చాడు. పైగుడ్డ కాస్త చెమ్మగిల్లింది కానీ, లోపల పొడి పొడిగానే ఉంది. గొర్రె వాసన మాత్రం పట్టింది. గొడుగు తీసుకోమంటే, "నాకెందుకురా, ఈసారి తెరిస్తే మంద శ్రీశైలం దాకా ఆగదు" అన్నాడు.

అక్క కాయం ముద్ద నెయ్యితో మింగి, "అమ్మ ఇందులో ఏం కలిపిందిరా, కొత్త వాసన?" అంది. అడవి మూలిక అని చెప్పాను.

మూడోనాడు తిరుగుప్రయాణం. అదే మలుపు, అదే మంద, అదే వాన. గొడుగు తెరవకుండా, తడుస్తూ, గొర్రెల మధ్య నుంచి మెల్లగా నడిచాను. ఒక్కటీ తలెత్తలేదు.

"మీ అక్క ఎట్టుందిరా?" అని కాపరి దూరం నుంచే కేకేశాడు.

"లేచి కూర్చుంది మావా."

ఆయన కర్ర పైకెత్తాడు. ఈసారి కొట్టడానికి కాదు.

ఆ దారిన వెళ్ళేవారు గొంగడి తీసుకెళ్ళండి. లేకపోయినా, దాని కింద చోటిచ్చే మనిషి అక్కడున్నాడు.

రైల్లో పక్కనున్న పెద్దావిడ నా తడి బట్టల్నీ, ఒళ్ళోని గొడుగునూ మార్చి మార్చి చూసింది. "అది తెరుచుకోదా నాయనా?"

"తెరుచుకుంటుందమ్మా. దారిలో గొర్రెలున్నాయి" అన్నాను.

ఆవిడ అవతలికి జరిగి కూర్చుంది. నరసరావుపేట దాకా హాయిగా కాళ్ళు చాపుకొని వచ్చాను.