కుడి పక్క సీటు

పోయినవన్నీ కలిపితే ఇంత: ఎనిమిది సిలిండర్లలో నాలుగు, ఇంజన్ మోత మొత్తం, మా ఆవిడ కంటి చూపులో సగానికి పైగా. మొదటి రెండూ కారుతో పోయాయి. మూడోది ఎప్పుడు పోవడం మొదలైందో మా ఇద్దరికీ తెలియదు.

అది అమెరికాలో తయారైన పాత మజిల్ కారు, వేగం కోసం పెద్ద ఇంజన్ పెట్టిన రకం. రెండే తలుపులు, పొడవాటి ముక్కు, గాలన్‌కు పన్నెండు మైళ్ళు. స్టీరింగ్ ఎడమ వైపు. బ్రిటన్ రోడ్ల మీద ఎడమ పక్కన కూర్చుని నడిపేవాడికి ముందున్న లారీ వీపు తప్ప ఏమీ కనిపించదు. అందుకని కుడి సీటులో ఉన్న మా ఆవిడే చూసి చెప్పాలి. "ఆగండి" అంటే ఆగేవాణ్ణి, "పోనివ్వండి" అంటే దాటేవాణ్ణి. లండన్ పక్కన హేస్‌లో కార్గో గోదాములో తూకాలు చూస్తూ సొంతంగా నేర్చుకున్న లెక్కలు నావి. సరిచూడకుండా ఏ అంకెనూ నమ్మను. ఆమె మాటను మాత్రం పదకొండేళ్ళు సరిచూడలేదు.

ఆ కారులో ఎడిన్‌బర్గ్ దాకా వెళ్ళాలని ఆమె కోరిక. ఒక వేసవిలో బయలుదేరాం. దారంతా నేను పెట్రోలు లెక్క చెబుతూనే ఉన్నాను.

"ఆ గాలన్లు తర్వాత లెక్కపెట్టుకుందురు గానీ, ముందు రోడ్డు చూడండి."

"రోడ్డు చూడ్డం నీ డ్యూటీ కదా."

"అయితే జీతం ఇవ్వండి మరి!"

న్యూకాజిల్ దాటాక ఒక చోట రోడ్డు సన్నబడి, పోయేందుకు ఒక వరస, వచ్చేందుకు ఒక వరస మిగిలాయి. గడ్డి లాగుతున్న ట్రాక్టరు వెనక చిక్కుకున్నాం. ఆమె మెడ చాచి చూసి, "ఖాళీ. పోనివ్వండి" అంది. బయటికి తీశాను. ఎదురుగా వ్యాను. బ్రేకు తొక్కి మళ్ళీ ట్రాక్టరు వెనక్కి దూరాను. వ్యాను హారన్ చాలా దూరం వినిపించింది.

పక్కకు ఆపాను.

"చూశానండీ. నిజంగా ఖాళీగానే ఉంది."

ఎడిన్‌బర్గ్ డెబ్బై ఎనిమిది మైళ్ళు అన్న బోర్డు దగ్గర కారు వెనక్కి తిప్పాను. ఇంటిదాకా ఒక్క బండినీ దాటలేదు.

గ్లకోమా, అంటే నీటికాసులు అంది కంటి డాక్టరు. చూపు పోయినచోట నల్లగా ఏమీ కనిపించదట. చుట్టూ ఉన్న రోడ్డుతోనే మెదడు ఆ చోటును పూడుస్తుందట. ఆమెకు కనిపించింది ఖాళీ రోడ్డే.

కారు అమ్మి ఎస్‌యూవీ కొన్నాం. గాలన్‌కు నలభై నాలుగు. స్టీరింగ్ కుడి వైపు, ఎత్తు సీట్లు, నాలుగు వైపులా కెమెరాలు. పక్కన ఏదైనా వస్తే అద్దంలో దీపం వెలుగుతుంది. ఏ లెక్కన చూసినా ఇదే మెరుగు. ఎడమ సీటులో ఆమె చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంటుంది. ఒకసారి అలవాటు కొద్దీ, "ఏమైనా వస్తోందా?" అని అడిగాను.

"మీ దీపాన్నే అడగండి" అంది.

నిరుడు ఆ బండిలోనే ఎడిన్‌బర్గ్ వెళ్ళాం. ఊళ్ళో బండి ఆపి, "వచ్చేశాం. నీ కోరిక తీరింది" అన్నాను.

"ఏం తీరింది? నేను చూసి చెప్పకుండా వచ్చిన దారి లెక్కలోకి రాదండీ."

తిరిగి వస్తూ మళ్ళీ లెక్క వేశాను. ఆమె చెప్పిందే సరైంది. ఇప్పటికీ డెబ్బై ఎనిమిది మైళ్ళు బాకీ.