ఆఖరి చరణం

మొన్న పటేల్‌గూడలో మా చెల్లెలి కొడుకు పెళ్లి ఊరేగింపులో, డీజే బండి మీద నా పాట మోగింది. ఏనాడో నేను కట్టి, నేనే పాడిన పాటను ఎవరో అమ్మాయి ముక్కుతో పాడుతుంటే ఒళ్లు మండిపోయింది.

మాది సంగారెడ్డిలో పప్పుల వ్యాపారం. దుకాణం వెనక రేకుల కింద కందులు చెరిగే ఆడవాళ్లు చాటల దరువుకు పదాలు పాడుకుంటుంటే, బడి నుంచి రాగానే సంచి పడేసి వాళ్ల మధ్య కూర్చునేదాన్ని. వాళ్లలో నేను పెద్దమ్మా అని పిలిచే ఆవిడే నాకు పాట కట్టడం నేర్పింది. పాట కట్టినవాళ్లు ఆఖరి చరణంలో తమ పేరు చెప్పుకోవడం వాళ్ల పద్ధతి. నేనూ నా పాట చివర ‘సావుకారి బిడ్డ శారద’ అని పెట్టుకుని మురిసిపోయాను.

సావుకారి బిడ్డకు కూలివాళ్ల పాటలేమిటని నాన్న ఏళ్ల తరబడి మండిపడ్డాడు. అయినా పటాన్‌చెరు కార్మికుల సభల నుంచి పిలుపులొచ్చాయి, ఆ తర్వాత క్యాసెట్టు చేస్తానంటూ ఒకాయన వచ్చాడు. తీరా రికార్డింగయ్యాక, క్యాసెట్టులో చోటు చాలలేదని ఆఖరి చరణం కోసేశాడు. నేను మొత్తుకుంటే, "పేరు కవర్ మీద ఏస్తం కదమ్మా, పరేషాన్ ఎందుకు?" అన్నాడు. వేశాడు కూడా. కానీ హైవే పక్క హోటళ్లలో, లారీల్లో మోగినవన్నీ దానికి తీసిన నకళ్లే, వాటికి కవరెక్కడిది?

క్యాసెట్టు తెచ్చి దుకాణంలో పెడితే, నాన్న మొదటిసారి నా పాట చివరిదాకా విన్నాడు. ప్రతి బస్తా మీదా దుకాణం ముద్ర వేయించే మనిషి కదా, "అంతా మంచిగనే ఉంది, మరి నీ ముద్రేది బిడ్డా?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఊరేగింపులో, ఈ పాట ఎవరిదని పెళ్లికూతురి మేనమామను అడిగితే, వాళ్ల నాయనమ్మల కాలం నాటి జానపదమన్నాడు. ఉక్రోషం ఆపుకోలేక నడిరోడ్డు మీదే ఆఖరి చరణం పాడి వినిపించాను. పాపం, శ్రద్ధగానే విన్నాడు.

"మంచిగ పాడిన్రు అక్కా, గని గిది అసలు పాటల లేదు. ఎవరో పేరు కోసం ఎనక కలిపిండ్రు" అన్నాడు.

పెద్దమ్మ పాట నాలుగూళ్లు దాటి ఉండదు, కానీ ఆ నాలుగూళ్లలో అది ఎవరిదో అందరికీ తెలుసు. నా పాట ఇప్పుడు ప్రతి ఫోనులోనూ ఉంది. పిల్లలంతా దానికే ఎగురుతుంటే, నేను పెళ్లివారి చుట్టాన్నై బండి వెనక నడిచాను.