ద్వా, దుయి, మధ్యలో నేను

అప్పట్లో నా లెక్క ప్రకారం ప్రపంచంలో ఉన్న భాషలు రెండే. నాకు అర్థమయ్యేది ఒకటి, అర్థం కానిది ఇంకొకటి. ఇంట్లో తెలుగు, బోధన్ బస్టాండులో ఉర్దూ, సంతలో వినబడే మరాఠీ, ఇవన్నీ కలిపి మొదటిది. మిగతా లోకమంతా మాట్లాడేది రెండోది. నాకు తెలియదు కాబట్టి అదంతా ఒకటే అయి ఉంటుందని నా నమ్మకం. (నవ్వండి. నేనూ ఇప్పుడు నవ్వుతూనే చెబుతున్నాను.)

మా ఆయన పోయిన మరుసటేడు, బోధన్ దగ్గర ఒక చెరుకు మిల్లులో నన్ను వంటకు పెట్టుకున్నారు. పిల్లవాణ్ణి నవీపేటలో మా అవ్వ దగ్గర వదిలి వచ్చాను. అంతదాకా పగలల్లా బీడీలు చుట్టి నడుము పడిపోయిన దాన్ని. మిల్లు గెస్ట్‌హౌస్‌లో పొయ్యి దొరకడం నాకు పండగ. సరిగ్గా అప్పుడే మిల్లుకు కొత్త మిషను వచ్చింది, దాన్ని కూర్చోబెట్టడానికి స్లొవేకియా అనే దేశం నుంచి ఒక ఫిట్టరూ వచ్చాడు. తాటిచెట్టంత మనిషి, పసుపురంగు మీసం. నా నౌకరి నిలవడం, ఊడడం ఆయన కడుపు మీద ఆధారపడిందని నాకు మూడో రోజుకు గానీ తెలియలేదు.

మొదటి రోజు జొన్నరొట్టె, పప్పు, కోడికూర పెట్టాను. కంచం అద్దంలా ఊడ్చి తిన్నాడు. పాపం ఎంత ఆకలితో ఉన్నాడో అని మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఊడ్చాడు. మళ్ళీ పెట్టాను. “స్తాచీ, స్తాచీ” అంటూ గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. చాలు అంటున్నాడని చేతిని చూస్తేనే తెలుస్తోంది. అయినా మన దగ్గర చాలు అన్నాక వడ్డించేదే కదా వడ్డన! అనకముందు పెట్టేది ఎవరైనా పెడతారు. ఇంకో రెండు రొట్టెలు వేశాను. చెమటలు కక్కుతూ అవీ తిన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు భోజనం గంట కొడితే చాలు, మిషను వెనక్కి పోయి దాక్కునేవాడు.

మేనేజరు సారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. “ఏందమ్మా ఇది? ఆ మనిషి బిస్కట్లు తినుకుంట బతుకుతుండు. గిట్లైతే మిషిని ఎట్ల కూసుంటది? రేపు గిన తినకపోతే నిజామాబాద్ కెల్లి వంటోన్ని తెచ్చుకుంట, సూసుకో.”

“కారం తగ్గించిన సారూ, ఇంకేం జెయ్యాలె?”

“నాకేం ఎరుక? పోయి అడుగు.”

అడగాలంటే భాష కావాలి. అప్పుడు గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న వాచ్‌మన్ నా కంట పడ్డాడు. అస్సాం అతను, సన్నగా, నెమ్మదిగా ఉంటాడు. నన్ను ‘బైదేవ్’ అనేవాడు, వాళ్ళ భాషలో అక్క అని. నాతో హిందీ, ఇంటికి ఫోను చేస్తే మాత్రం నాకు అర్థం కాని భాష. అంటే ఆ రెండోదే కదా!

“తమ్మీ, జర వచ్చి ఆ ఫిట్టరుతోని మాట్లాడు.”

“బైదేవ్, ఆయన భాష నాకెట్లా వస్తుంది?”

“నీది నాకు తెల్వదు, ఆయనది నాకు తెల్వదు. రెండు ఒక్కటే. లే, నకరాలు జెయ్యకు.”

ఒంటి పూట జీతం పోయినవాడిలా లేచి వచ్చాడు. మిషను వెనక నుంచి ఆయన్ని బయటికి రప్పించి, ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఎవరి భాషలో వాళ్ళు మొదలుపెట్టారు. అప్పుడు విన్నాను తేడా. స్లొవాకు మాట చెరుకుగడ మోకాలికేసి విరిచినట్టు ఫట్ ఫట్ మంటుంది. అస్సామీ మాట రసం గిన్నెలోకి జారినట్టు చప్పుడు లేకుండా వస్తుంది. ఒకటే భాష అన్న నా నమ్మకం అక్కడే చచ్చిపోయింది, దానితోపాటు నా నౌకరీ పోతుందనుకున్నాను.

ఫిట్టరు ఖాళీ కంచం చూపించాడు, నన్ను చూపించాడు, పొట్ట ముందు చేతులతో పెద్ద కుండ చేశాడు. తర్వాత లేచి నిలబడి, చేతిలో గరిటె ఉన్నట్టు ఆడిస్తూ, కంచంలో మిగిల్చిన పిల్లవాణ్ణి బెదిరించే తల్లిని ఆడి చూపించాడు. చివరికి రెండు వేళ్ళెత్తి “ద్వా” అన్నాడు.

వాచ్‌మన్ ఉలిక్కిపడ్డాడు. “దుయి!” అన్నాడు తన రెండు వేళ్ళెత్తి.

ఫిట్టరు మూడో వేలు లేపి, “త్రి?”

“తినీ!”

ఇద్దరూ తప్పిపోయిన అన్నదమ్ములు జాతరలో కలిసినట్టు చేతులు పట్టుకుని ఊపుకున్నారు. నేను మధ్యలో గరిటె పట్టుకుని నిలబడ్డాను.

“బైదేవ్, ఆయనకు రెండే రొట్టెలు చాలట. వాళ్ళింట్లో కంచంలో మిగిలిస్తే అమ్మ కొడుతుందట. అందుకే నువ్వు పెట్టిందంతా తిన్నాడు.”

“నేనేమో ఖాళీ కంచం జూసి ఇంక పెడుతనే ఉంటి గదరా!”

ఆ పూట రెండే పెట్టాను. మూడోది చేతిలో పట్టుకుని కంచం మీదికి వంగబోతే వాచ్‌మన్ “బైదేవ్!” అని అరిచాడు. (ఆ చెయ్యి వెనక్కి తీయడం కంటే కష్టమైన పని ఆ మిల్లులో ఇంకోటి చేయలేదు.) ఫిట్టరు తిని, తేనుస్తుంటే మేనేజరు సారు చూశాడు. “దొర భాష నేర్చినవా ఏంది?”

“రెండు దాకా వస్తది సారూ.”

వంటోడు రాలేదు. నేను ఉండిపోయాను.

సాయంత్రాలు వాళ్ళిద్దరూ మెట్ల మీద కూర్చుని మాటలు పోల్చుకునేవాళ్ళు. నేను చాయ్ తెచ్చి పక్కన కూర్చునేదాన్ని. కన్ను చూపిస్తే ఒకరు ‘ఓకో’ అంటారు, ఒకరు ‘సొకు’ అంటారు, మళ్ళీ చేతులు కలుపుకుంటారు. నీళ్ళకు ఒకరు ‘వొద’, ఒకరు ‘పానీ’ అని మాట కలవకపోతే నాకు లోపల ఎంత సంతోషమో! నా రెండు, మూడు, కన్ను మాత్రం దేనితోనూ కలవవు. (దో, తీన్ నాకూ వచ్చు. కాని అవి బజారులో తెచ్చుకున్నవి, ఇంటివి కావు.) ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు పాలివాళ్ళయ్యారు, నా ఊళ్ళో, నా వంటింటి మెట్ల మీద నేనే పరాయిదాన్నయ్యాను.

ఒకరోజు ఫిట్టరు ఫోనులో వాళ్ళమ్మ ఫొటో చూపించి “మామా” అన్నాడు. “మా!” అన్నాడు వాచ్‌మన్. ఇద్దరూ నా వైపు తిరిగారు.

నన్ను కన్నతల్లి నాకు అవ్వ. పుట్టిన్నాటి నుంచీ అవ్వే. అవ్వా ఆకలి, అవ్వా కొట్టకు, అవ్వా నా పిల్లగాని జర సూడు. నోటిదాకా వచ్చింది, మింగేశాను.

“అమ్మ” అన్నాను.

ఇద్దరూ చేతులు చాచారు. చెంగుతో పిండి తుడుచుకుని నేనూ చెయ్యి కలిపాను. మా అవ్వ వినలేదు కాబట్టి సరిపోయింది.