కంబళి కప్పుకున్న మనిషికి ఆరు మార్కులు

అరవై మూడు జూన్‌లో నేను కంబదూరు దగ్గర ఒక పల్లెలో బాలవాడి టీచరును. పక్కనున్న బడి హెడ్మాస్టరు అనంతపురంలో ట్రైనింగుకు పోయి కొత్త పరీక్ష ఒకటి నేర్చుకొచ్చాడు. పిల్లలు పలక మీద మనిషి బొమ్మ వెయ్యాలి. తల, కళ్లు, చేతులు, వేళ్లు, కాళ్లు, దేని మార్కులు దానికే. మొత్తం ఇరవై. పది వస్తే ఒకటో తరగతికి తయారైనట్టు. రాకుంటే ఇంకో ఏడాది బాలవాడి. సంతలో ఎద్దుల పళ్లు చూసినట్టు చూశాడు ఆ పలకల్ని.

నా దగ్గర గొర్రెల కాపరి కూతురు ఒకతె ఉండేది. నూరు దాకా తప్పు లేకుండా లెక్కపెట్టేది. ఈ ఏడు బడిలో చేర్చుకోకుంటే వాళ్ల నాయన గొర్రెల వెంట పంపేస్తాడని తల్లి ముందే నాతో చెప్పుకుంది. మనిషిని వెయ్యమంటే ఆ పిల్ల వాళ్ల నాయన్నే వేసింది. తల మీంచి మోకాళ్ల దాకా కంబళి, అందులోంచి రెండు కళ్లు, కింద పాదాలు, పక్కన కర్ర. కంబళి అంచు కూడా మరిచిపోలేదు.

"ఇది మనిషా, పుట్టా? చేతులు యాడ?" అన్నాడు హెడ్మాస్టరు.

"కంబళి లోపల ఉండాయి సార్," అంది పిల్ల.

లోపలున్నవాటికి మార్కులు లేవన్నాడు. తలకు రెండు, కళ్లకు రెండు, పాదాలకు రెండు, ఆరు. వేలు నాలుకకు అద్దుకుని, ఆ ఎంగిలి వేలితోనే వాళ్ల నాయన్ని తుడిచేశాడు.

కాపరులు ఏడాది పొడుగునా అట్లే తిరుగుతారు, మీరూ చూస్తున్నారు కదా అన్నాను. ట్రైనింగులో తనకిచ్చిన మార్కుల కాగితంలో కంబళి లేదన్నాడు. నేను వదలకపోయేసరికి సోమవారం మళ్లీ చూస్తానన్నాడు.

ఆ వారమంతా లెక్కలు మానేసి ఆ పిల్లచేత మనిషిని వేయించాను. ఒక సున్నా, దాని కింద పెట్టె, పుల్లల్లాంటి చేతులు, చేతికి ఐదు వేళ్లు. అట్లాంటి మనిషి మా తాలూకాలో ఒక్కడూ లేడు. సోమవారం పద్దెనిమిది వచ్చాయి. వారంలో పిల్లకు తెలివి ఎంత పెరిగిందో చూడమ్మా అని హెడ్మాస్టరు నాతోనే అన్నాడు, పేరు రాసుకుంటూ. ఆయన మొహం చూడబుద్ధి కాలేదు.

బయటికొచ్చాక పిల్ల పలక నా ముందు పెట్టింది.

"టీచరమ్మా, ఈయప్పకు చలి పెట్టదా?"

బడి మెట్ల మీద కూర్చుని, పలక మీది మనిషికి కంబళి గీసి కప్పేసింది. పన్నెండు మార్కులు దాని కింద పోయాయి.